ధ్వనిగా మారిన గణితం: కాలిక్యులేటరు ప్రోగ్రాములను క్యాసెట్టుపై భద్రపరచే విధానం

గత విద్యా సంవత్సరాంతంలో మా గణితశాఖ బీరువాను శుభ్రపరుస్తుండగా ఒక అట్టపెట్టె బయటపడినది. అందులో రేఖాచిత్రాలు గీయగల పాత కాలిక్యులేటరు ఒకటి, దానిని టేపు రికార్డరుతో కలిపే చిన్న పరికరం ఒకటి, రెండు క్యాసెట్టులు ఉన్నవి. గల్ఫ్ దేశంలో ఉద్యోగం చేస్తూ సెలవుపై వచ్చిన పూర్వ విద్యార్థి ఒకరు వాటిని శాఖకు బహూకరించారని, కీర్తిశేషులైన ఒక గణితోపాధ్యాయులు వాటిని చాలాకాలం వాడారని పెద్దలు చెప్పారు. కాలిక్యులేటరులోని బ్యాటరీలు ఏనాడో నిర్వీర్యమైనవి. కొత్త బ్యాటరీలు వేయగా తెరపై అంకెలు కనిపించినవి గాని, జ్ఞాపకస్థానమంతా శూన్యంగా ఉన్నది.

"ఈ క్యాసెట్టులు పాటలు వినటానికా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. సమాధానంగా మొదటి క్యాసెట్టును రికార్డరులో పెట్టి వినిపించాము. వర్షాకాలపు రాత్రి కీచురాళ్లు ఒక్కసారిగా అరిచినట్లు ఒక ధ్వని వెలువడినది. విద్యార్థులు నవ్వారు. టేపు పాడైపోయినదని కొందరు భావించారు. నిజానికి టేపు పాడు కాలేదు. వారు విన్నది సంగీతం కాదు, గణితం. సంఖ్యలు ధ్వనిగా ఎట్లు మారుతవి, ఆ ధ్వని తిరిగి సంఖ్యలుగా ఎట్లు మారుతుంది, ఆ మార్పులో ఏమి నష్టపోవచ్చును అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించటానికి ప్రయత్నిస్తాము.

యంత్రం మరచిపోతుంది

సాధారణ కాలిక్యులేటరు మనం మీట నొక్కినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ప్రోగ్రాము చేయదగిన కాలిక్యులేటరు అట్లు కాదు. మనం నొక్కదలచిన మీటల వరుసను ముందుగానే దానికి నేర్పవచ్చును. ఆ వరుసనే ప్రోగ్రాము అంటాము. ఒకసారి నేర్పిన పిమ్మట విలువలు మార్చి ఎన్నిసార్లయినా అదే లెక్కను చేయించవచ్చును.

అయితే నేర్చిన పాఠాన్ని యంత్రం ఎంతకాలం గుర్తుంచుకుంటుంది? తొలినాటి యంత్రాలలో మీట ఆపగానే అంతా పోయేది. అందుకే 1974లో వచ్చిన హెచ్‌పీ-65 కాలిక్యులేటరుకు చిన్న అయస్కాంత కార్డులను చదివే ఏర్పాటు చేశారు. 1977లో వచ్చిన టీఐ-59కు కూడా ఇట్టి కార్డులే ఉండేవి. తరువాతి యంత్రాలలో బ్యాటరీ ఉన్నంతకాలం ప్రోగ్రాము నిలిచే ఏర్పాటు వచ్చినది. కాని బ్యాటరీ పోతే పాఠమూ పోతుంది. అంతేగాక స్థలం బహు స్వల్పం. 1985లో వెలువడి, మార్కెట్టులోనికి వచ్చిన మొదటి రేఖాచిత్ర కాలిక్యులేటరుగా పేరొందిన కాసియో ఎఫ్ఎక్స్-7000జిలో ప్రోగ్రాములకు లభించిన స్థలం 422 బైటులు మాత్రమే. దాని తెర అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు. ఈ వ్యాసంలోని ఒక సాధారణ పేరా కూడా 422 బైటులలో ఇమడదు. కొత్త ప్రోగ్రాము రాయదలచినవాడు పాతదానిని చెరపక తప్పదు. చెరపబోయే ముందు దానిని ఎక్కడ దాచాలి అన్నదే సమస్య.

క్యాసెట్టునే ఎందుకు ఎంచుకున్నారు?

అయస్కాంత కార్డులకు ప్రత్యేక యంత్రభాగం కావాలి. అది ఖరీదైనది. క్యాసెట్టు రికార్డరు అట్లు కాదు. 1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన చిన్న క్యాసెట్టు రెండు దశాబ్దాలలో ప్రపంచమంతటా వ్యాపించినది. మన పల్లెలలో బుర్రకథ, పట్టణాలలో గజల్, పెళ్లి పందిళ్లలో సినిమా పాటలు, అన్నీ దానిమీదనే వినబడేవి. ఇంటిలో ఉన్న రికార్డరుతోనే పని జరుగుతున్నప్పుడు వేరొక పరికరం కొనవలసిన అవసరమేమి?

కాసియో సంస్థ 1970ల చివరలో ఎఫ్ఎక్స్-502పి అనే ప్రోగ్రాము కాలిక్యులేటరుకు తోడుగా ఎఫ్ఏ-1 అనే అనుసంధాన పరికరాన్ని అందించినది. 1981 నాటి ఎఫ్ఎక్స్-602పి కూడా ఇదే మార్గంలో టేపుతో సంభాషించేది. రేఖాచిత్ర కాలిక్యులేటర్లలో ఎఫ్ఎక్స్-8000జికి ఎఫ్ఏ-80 అనే పరికరం ద్వారా క్యాసెట్టును ఉపయోగించే సౌకర్యం కలిగినది. పరికరం నుండి ఒక తీగ రికార్డరు మైకు సాకెట్టుకు పోతుంది. అది రాయటానికి. మరొక తీగ ఇయర్‌ఫోను సాకెట్టు నుండి వస్తుంది. అది చదవటానికి.

సంఖ్య ధ్వనిగా మారే విధం

యంత్రంలోని ప్రతి విషయమూ 0, 1 అనే రెండు అంకెలతోనే ఉంటుంది. ఒక్కొక్క అంకెను బిట్ అనీ, 8 బిట్ల సమూహాన్ని బైటు అనీ అంటారు. టేపుకు అంకెలు తెలియవు. దానికి తెలిసినది ధ్వని మాత్రమే. కావున 0కు ఒక స్వరం, 1కి మరొక స్వరం నిర్ణయించుకుంటే చాలును. ఎవరికి తోచిన స్వరాన్ని వారు వాడితే ఒకరి టేపు మరొకరికి పనికిరాదు. అందుచేత 1975 నవంబరులో అమెరికాలోని కాన్సస్ సిటీ నగరంలో బైట్ అనే పత్రిక ఒక సమావేశం ఏర్పాటు చేయగా, అందులో ఒక ఉమ్మడి పద్ధతి రూపొందినది. దానినే కాన్సస్ సిటీ ప్రమాణం అంటారు. పైన చెప్పిన ఎఫ్ఏ-1 పరికరం ఈ వర్గానికి చెందినదే. యంత్రాన్ని బట్టి వివరాలు మారినా మూలసూత్రం ఒక్కటే కావున ఈ ప్రమాణాన్నే ఉదాహరణగా తీసుకుందాము.

ఈ పద్ధతిలో 0 అంటే సెకనుకు 1200 కంపనాలు గల స్వరంలో 4 తరంగాలు. 1 అంటే సెకనుకు 2400 కంపనాలు గల స్వరంలో 8 తరంగాలు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. 4ను 1200తో భాగించినా, 8ని 2400తో భాగించినా ఫలితం ఒక్కటే. అది సెకనులో 300వ వంతు. అనగా బిట్ ఏదైనా అది ఆక్రమించే కాలం సమానం. సంగీతం తెలిసినవారు మరొక విషయం గ్రహిస్తారు. 2400 అనేది 1200కు సరిగా రెట్టింపు. మొదటిది షడ్జమమైతే రెండవది పైస్థాయి షడ్జమం.

ఉదాహరణకు 65 అనే సంఖ్యను పంపదలచాము. ద్విసంఖ్యామానంలో అది 01000001. పంపేటప్పుడు చిన్న విలువగల అంకె ముందు పోతుంది. అనగా ఈ వరుసను కుడి నుండి ఎడమకు చదవాలి. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇది కొత్త కాదు. బైటు మొదలైనదని తెలుపటానికి ముందు ఒక 0, ముగిసినదని తెలుపటానికి చివర రెండు 1లు చేరుస్తారు. కావున టేపు మీదికి పోయే వరుస ఇది: 0, పిమ్మట 1 0 0 0 0 0 1 0, పిమ్మట 1 1. మొత్తం 11 బిట్లు. వాటికి పట్టే కాలం 300లో 11 వంతుల సెకను.

దీనినిబట్టి సెకనుకు సుమారు 27 బైటులు పోతవి. 422 బైటులను ఈ పద్ధతిలో పంపితే పట్టే కాలం దాదాపు పదిహేనున్నర సెకన్లు. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. కావున అది ఆక్రమించే టేపు సుమారు 74 సెంటీమీటర్లు. ఒక గజం కూడా లేని టేపు ముక్కపై ఒక ఉపాధ్యాయుని వారం రోజుల శ్రమ ఇమిడిపోతుంది. వైపునకు 30 నిమిషాలు నడిచే క్యాసెట్టులో, మధ్య ఖాళీలు వదలకుండా నింపితే, ఒక్క వైపున సుమారు 49,000 బైటులు పట్టవచ్చును.

ధ్వని తిరిగి సంఖ్యగా మారే విధం

రాయటం సులభం, చదవటం కష్టం. వచ్చే ధ్వనిలో తరంగం ఎంత త్వరగా పైకి క్రిందికి మారుతున్నదో పరికరం గమనిస్తుంది. త్వరగా మారితే 1, నెమ్మదిగా మారితే 0. రెండు స్వరాల మధ్య రెట్టింపు భేదం ఉంచటంలోని లాభం ఇక్కడ తెలుస్తుంది. రికార్డరు మోటారు నూటికి 5 వంతులు మందగించినదనుకుందాము. 2400 కాస్తా 2280 అవుతుంది. 1200 కాస్తా 1140 అవుతుంది. 1800ను సరిహద్దుగా పెట్టుకున్న పరికరం ఈ రెండింటినీ తేలికగా వేరుచేయగలదు. చౌక రికార్డరుతో కూడ పని జరగటానికి ఇదే రహస్యం.

ప్రతి ప్రోగ్రాముకు ముందు కొన్ని సెకన్లపాటు హెచ్చు స్వరం ఒక్కటే వినిపిస్తుంది. అది వృథా కాదు. ఆ సమయంలో మోటారు స్థిరమైన వేగాన్ని అందుకుంటుంది. మైకు ధ్వనిని తనంత తానుగా హెచ్చుతగ్గులు చేసే రికార్డరు ఒక స్థాయికి కుదురుకుంటుంది. ఆలాపన లేకుండా పల్లవి అందుకోరాదు గదా.

అయినను పొరపాట్లు జరుగుతవి. టేపుపై ఒక బిట్ ఆక్రమించే పొడవు 0.16 మిల్లీమీటరు మాత్రమే. కంటికి కనిపించీ కనిపించని ధూళికణం ఒకటి టేపును హెడ్ నుండి రవ్వంత ఎడం చేస్తే ఆ బిట్ బలహీనపడుతుంది. పాటలో అట్టి లోపం చెవికి తెలియదు. ప్రోగ్రాములో ఒక్క బిట్ మారినా కూడిక తీసివేత కావచ్చును.

ఇట్టి తప్పులను పట్టుకొనే ఉపాయాలలో ఒకటి మొత్తాల సరిచూపు. నాలుగు బైటుల విలువలు 65, 120, 200, 37 అనుకుందాము. వీటి మొత్తం 422. దానిని 256తో భాగిస్తే శేషం 166. ఈ శేషాన్ని కూడ టేపు చివర రాస్తారు. చదివేటప్పుడు 120 పొరపాటున 121గా వస్తే శేషం 167 అవుతుంది. రెండూ సరిపోలవు గనుక యంత్రం తప్పును ప్రకటిస్తుంది. అయితే ఒక బైటు 1 పెరిగి మరొకటి 1 తగ్గితే మొత్తం మారదు, తప్పు దాగిపోతుంది. కిరాణా దుకాణంలో చిట్టా మొత్తం సరిపోయినంత మాత్రాన ప్రతి పద్దూ సరియైనదని చెప్పలేము. సరిచూపు తప్పును పట్టుకోగలదు గాని, తప్పు లేదని ప్రమాణం చేయలేదు.

పాటించవలసిన నియమాలు

అనుభవంతో తేలిన కొన్ని నియమాలను విద్యార్థుల కొరకు ఇక్కడ చేర్చుచున్నాము.

1. టేపు ఆరంభంలో కొద్దిభాగం అయస్కాంత పూత లేని తోక ఉంటుంది. దానిపై ఏమీ నమోదు కాదు. దానిని దాటిన పిమ్మటనే రాయటం మొదలుపెట్టాలి.

2. వైపునకు 30 నిమిషాలకు మించని క్యాసెట్టులే మేలు. హెచ్చు నిడివి గలవాటిలో టేపు పలుచనై సాగటానికి, ముడుచుకోవటానికి అవకాశం ఎక్కువ.

3. ఏ రికార్డరుపై రాశామో వీలైనంతవరకు దానిపైనే చదవాలి. హెడ్ కోణంలో భేదం వస్తే హెచ్చు స్వరాలు ముందుగా క్షీణిస్తవి. ధూళి చేరకుండా హెడ్‌ను అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

4. ధ్వనిశుద్ధి కొరకు ఉండే ప్రత్యేక మీటలను ఆపివేయాలి. అవి చెవి కొరకు ఏర్పడినవి, అంకెల కొరకు కావు.

5. రాసిన వెంటనే టేపును తిరిగి చదివించి సరిచూడాలి. అంతవరకు యంత్రంలోని ప్రోగ్రామును చెరపరాదు.

6. ఒకే ప్రోగ్రామును రెండు క్యాసెట్టులపై రాసి, రెండింటిని వేరు వేరు చోట్ల ఉంచాలి. లౌడ్‌స్పీకరు వంటి అయస్కాంతాలకు దూరంగా పెట్టాలి.

7. ప్రోగ్రాము పేరు, తేదీ, రికార్డరు కౌంటరు సంఖ్య క్యాసెట్టు చీటీపై రాయాలి. వెనుక అంచున ఆ వైపుకు చెందిన చిన్న ప్లాస్టిక్ పలకను విరవాలి. అప్పుడు దానిపై ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు.

8. అన్నింటికీ మించి, ప్రోగ్రామును చేతివ్రాతతో కాగితంపై కూడ ఉంచాలి.

రెండు క్యాసెట్టుల కథ

చివరి రెండు నియమాల విలువ మాకు ఆ అట్టపెట్టెయే నేర్పినది. మొదటి క్యాసెట్టు పెట్టెలో మడిచిన కాగితం ఒకటి ఉన్నది. ఒక ప్రక్క ఉర్దూలో, మరొక ప్రక్క తెలుగులో ఆ ఉపాధ్యాయులు ప్రోగ్రాముల పేర్లను, కౌంటరు సంఖ్యలను వరుసగా రాసి ఉంచారు. ప్లాస్టిక్ పలక విరిచి ఉన్నది. రికార్డరు హెడ్ శుభ్రం చేసి, ధ్వని స్థాయిని మార్చి మార్చి ప్రయత్నించగా నాలుగవసారి ప్రోగ్రాము యంత్రంలోనికి చేరినది. ఆజ్ఞ ఇవ్వగానే తెరపై చుక్క వెంట చుక్క పొడుచుకొని వచ్చి ఒక పరావలయం నిలిచినది. అంతకుముందు నవ్విన విద్యార్థులే ఇప్పుడు నిశ్శబ్దంగా చూశారు. ఏనాడో ఒక గురువు నేర్పిన పాఠాన్ని, వారిని ఎన్నడూ చూడని శిష్యుల ఎదుట, యంత్రం అప్పగించినది.

రెండవ క్యాసెట్టుకు చీటీ లేదు. పలక విరవలేదు. మొదటి క్యాసెట్టులోని కాగితంపై అడుగున ఒక వాక్యం ఉన్నది. మన ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను లెక్కించే ప్రోగ్రాము రెండవ క్యాసెట్టులో కలదని దాని సారాంశం. తాము పలు సంవత్సరాలు గమనించి సరిదిద్దిన విలువలను అందులో చేర్చినట్లు కూడ వారు రాశారు. ఆత్రంతో ఆ క్యాసెట్టును నడిపాము. పదకొండు సెకన్లపాటు కీచుధ్వని వినిపించినది. పిమ్మట ఒక్కసారిగా చప్పట్లు, ఆ వెంట ఒక కవి కంఠం. మన కళాశాల వార్షికోత్సవంలో జరిగిన ముషాయిరా అది.

ఏమి జరిగి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. ఉత్సవం నాటి సాయంకాలం ఎవరికో హడావుడిగా ఒక క్యాసెట్టు కావలసి వచ్చినది. బీరువాలో పేరులేని క్యాసెట్టు కనిపించినది. పేరు రాయని క్యాసెట్టు ఖాళీ క్యాసెట్టుగానే లెక్క. వారిని నిందించుటకు మాకు మనసు రాదు, వారు కూడ ఒక విలువైన దానిని నిలపటానికే ప్రయత్నించారు. అయినను ఆ ప్రోగ్రాము మరి రాదు. ఒక ధ్వనిపై మరొక ధ్వనిని నమోదు చేసినప్పుడు క్రింది ధ్వనిని రికార్డరు ముందుగా చెరిపివేస్తుంది. సూర్యోదయ సూత్రం ఏ గ్రంథంలోనైనా దొరుకుతుంది, దానిని మన విద్యార్థులు తిరిగి రాయగలరు. ఆ ఉపాధ్యాయులు పలు తెల్లవారుజాములు మేల్కొని సరిదిద్దిన అంకెలు మాత్రం ఏ గ్రంథంలోనూ లేవు.

నేడు చేయదగినది

తరువాతి కాలంలో టేపు అవసరం తీరిపోయినది. 1992 నాటి టీఐ-85 వంటి రేఖాచిత్ర కాలిక్యులేటర్లు తీగ ద్వారా ఒకదానితో మరొకటి, కంప్యూటరుతోను ప్రోగ్రాములను పంచుకోగలిగినవి. కాని పాత టేపులు బీరువాలలో మిగిలి ఉన్నవి. వాటిని రక్షించే మార్గం నేడు సులభం. రికార్డరు ఇయర్‌ఫోను సాకెట్టును కంప్యూటరుకు కలిపి ధ్వనిని సెకనుకు 44,100 నమూనాల చొప్పున నమోదు చేయవచ్చును. 2400 కంపనాల స్వరంలో ఒక్కొక్క తరంగానికి 18 నమూనాలు లభిస్తవి. అది చాలినంత. అయితే ధ్వనిని కుదించే ఎంపీ3 వంటి రూపంలో కాక, కుదించని వేవ్ రూపంలోనే ఉంచాలి. కుదింపు చెవికి అక్కరలేదని తోచిన దానిని పారవేస్తుంది. ప్రోగ్రామును వినేది చెవి కాదు. ఒక్కొక్క నమూనాకు 2 బైటుల చొప్పున సెకనుకు 88,200 బైటులు ఖర్చవుతవి. అందులో దాగిన ప్రోగ్రాము 27 బైటులు మాత్రమే. మూడువేల రెట్లకు పైగా స్థలం ఖర్చు చేసి ఇంత స్వల్పాన్ని దాచటం నేటి యంత్రాలకు భారం కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవితో ఈ వ్యాసాన్ని ముగిస్తాము. ఆ రెండవ క్యాసెట్టును, అందులోని 11 సెకన్ల గణితాన్ని, పిమ్మట వచ్చే ముషాయిరాను కలిపి కంప్యూటరులో నమోదు చేసి రెండు ప్రతులు ఉంచాము. మన గ్రంథాలయంలో వార్షికోత్సవాల ఉపన్యాసాలు, ముషాయిరాలు, కవిసమ్మేళనాలు గల క్యాసెట్టులు ఇంకను ఉన్నవి. వాటిలో పెక్కింటికి చీటీలు లేవు. టేపుకు కూడ ఆయుర్దాయం ఉన్నది. ఒక రికార్డరు, ఒక తీగ, ఇద్దరు శ్రద్ధగల విద్యార్థులు, వేసవి సెలవులు ఉంటే ఆ పని పూర్తికాగలదు. విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. అనుమతి లభించిననాడు మొదట చేసే పని చీటీలు రాయటం.